మా బండిలో నిద్రపోతున్న విలాసం

మేం విలాసవంతులమన్న సంగతి మాకు ఆసుపత్రిలో తెలిసింది.

మా అమ్మ సూరాయమ్మకి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. ఆపరేషన్ చేసి లెన్సులు మార్చాలన్నారు. దానికేముంది, ఆరోగ్య కార్డు ఉందిగా అని కౌంటరులో ఇచ్చాను. అక్కడి అమ్మాయి కంప్యూటరు నొక్కి చూసి, "కంగ్రాట్స్ అండీ, మీరు విలాస కుటుంబం కిందకి మారేరు. ఇంక కార్డు పనిచెయ్యదు" అంది. వెనక వరుసలో నిలబడ్డవాళ్ళంతా నా లుంగీకేసి చూశారు. నేనూ చూసుకున్నాను. పసుపు మరకలున్నాయి, పోపు చిట్లిన చోట చిల్లులున్నాయి. విలాసం మాత్రం ఎక్కడా కనబడలేదు.

"ఎలా మారేమండీ?" అని అడిగాను.

"మీ పేరు మీద విలాస కుటుంబ వాహనం ఉందండి" అంది.

డబ్బు కట్టి చేయించుకుంటే ఎంతవుతుందని అడిగితే ఆ అమ్మాయి ఒక అంకె చెప్పింది. మా ఆవిడ మంగతాయారు అక్కడే బెంచీ మీద కూలబడిపోయింది.

ఆ వాహనం గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. పుట్టినప్పుడు గొప్పదే, కాదనను. ఏదో దూరదేశపు కంపెనీది. ఎనిమిది సీట్లు. మధ్య వరుసలో పడక కుర్చీల్లాంటివి రెండు, కాళ్ళు చాపుకోవడానికి కింది నుంచి లేచే పలకలు, మీట నొక్కితే పక్కకు జారే తలుపులు, కప్పులోంచి దిగే టీవీ, సీట్ల మధ్య చిన్న ఫ్రిజ్, కిటికీలకు కర్టెన్లు, పడుకుని ఆకాశం చూసుకోవడానికి నెత్తిన ఒక గాజు కిటికీ. మొదట రైసుమిల్లు ఆసామి ఒకాయన కొనుక్కున్నారట. ఆయన దగ్గర్నుంచి ఒక డాక్టరు గారి చేతికి, అక్కడి నుంచి పాత కార్ల బేరగాడి పెరట్లోకి వచ్చింది. వెనక సీట్లో కోళ్ళు గుడ్లు పెడుతుండగా నా కంట్లో పడింది. నేను వంట మేస్త్రిని. పెళ్ళిళ్ళకీ, వ్రతాలకీ, పెద్దకర్మలకీ వండిపెడతాను. గుండిగలు, తెడ్లు, మనుషులు ఒక్క విడతలో పట్టే బండి కావాలి. ఇది పట్టింది, కొన్నాను.

నా దగ్గరకు వచ్చాక దాని విలాసాలన్నీ ఉద్యోగాలు మార్చుకున్నాయి. ఫ్రిజ్ చల్లబడటం మానేసి వేడెక్కసాగింది, అందులో పెట్టిన ఇడ్లీ పిండి ఇట్టే పొంగుతుంది. టీవీ సగం దిగి ఆగిపోతే దానికి కరివేపాకు కట్టలు వేలాడదీశాం. గాజు కిటికీ మూసుకోదు కాబట్టి పొడుగాటి తెడ్లు అందులోంచి నిలబెడతాం. పక్క తలుపు రావాలంటే లోపల్నుంచి మంగతాయారు తాడు లాగాలి, బయటి నుంచి నేను కాలితో తన్నాలి, రెండూ ఒకేసారి జరగాలి. మా కాపురంలో మేమిద్దరం కలిసికట్టుగా చేసే పని అదొక్కటే. ముందు దీపాలు పాలు పోసినట్టు తెల్లగా మసకబారి ఉంటాయి, అందుకని పొద్దు వాలేలోపే ఇల్లు చేరతాం.

అమ్మకి మాత్రం ఆ బండి అంటే పంచప్రాణాలు. దాన్ని కొనేనాటికే ఆమెకి చూపు ఆనడం తగ్గింది. సీటు చేత్తో తడిమి, మెత్తదనం చూసి, "రాజాగారి బండిరా ఇది" అని తీర్మానించింది. మేం సవరించలేదు.

అమ్మ ఇప్పటికీ నాతో వంటలకి వస్తుంది. బూరెలు ఆవిడ వేస్తేనే బూరెలు. రంగు చూసి తీయాల్సిన బూరెని చూపు తగ్గినప్పటి నుంచి చప్పుడు విని తీస్తోంది. నూనెలో బుడబుడ తగ్గగానే జల్లి గరిటె దించుతుంది. మూకుడు ముందు ఆవిడ కూర్చున్నంతసేపూ నాకు గుండె చేత్తో పట్టుకున్నట్టే ఉంటుంది. ఆవిడ చెయ్యి కాలకముందే ఆ కళ్ళు బాగుపడాలి, నాకు కావాల్సింది అంతే.

ఆసుపత్రి వాళ్ళు పంపితే కుటుంబ వాహన విలాస నిర్ధారణ సంస్థకి వెళ్ళాను. టౌనులో మూతపడ్డ సినిమా హాలు మేడమీద ఉంది. విలాస నిర్ధారణాధికారి చిదంబరం గారు నా అర్జీని ముక్కు చివరికి ఆనించుకుని కొంతసేపు చూసి, పక్కనున్న ఉప నిర్ధారణాధికారి హైమవతి గారికి ఇచ్చారు. ఆవిడ చదివి వినిపించింది.

"సదరు వాహనము తమరిదేనా?" అన్నారాయన.

"ఆయ్, నాదేనండి. కానీ అందులో విలాసం లేదండి. ఎప్పుడో పోయిందండి."

"పోయిందని తమరు నిర్ణయించడానికి వీల్లేదు. విలాసం నశించేది కాదు. సుప్తావస్థలోకి వెళుతుంది. దానిని మేము సుప్త విలాసం అంటాము."

"పోనీ అమ్మేస్తానండి."

"విలాస వివాదంలో ఉన్న వాహనాన్ని అమ్మరాదు."

"తుక్కుకి తోసేస్తానండి."

"ఎనిమిది సీట్ల వాహనాన్ని తుక్కుకు తోసెయ్యగల స్తోమత సామాన్యులకు ఉంటుందా? అది మహా విలాసం." హైమవతి గారు నా పేరు పక్కన ఏదో రాయబోయింది. నేను దణ్ణం పెట్టి ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

"మరేం చెయ్యమంటారండి?"

చిదంబరం గారు కుర్చీలో వెనక్కి వాలారు. "విలాసం అనుభవైకవేద్యం. కాబట్టి మేమే వచ్చి వాహనంలో కూర్చుంటాము. కూర్చున్న అధికారికి సుఖం కలిగితే విలాసం ఉన్నట్టు. కలగకపోతే లేనట్టు. ఇంతకన్నా శాస్త్రీయమైన పద్ధతి ఇంకెక్కడా లేదు."

ఆ మాటకి నా ప్రాణం లేచొచ్చింది. మా బండిలో కూర్చుని సుఖపడ్డ మనిషి భూమ్మీద లేడు. ఎడమవైపు సీట్లో స్ప్రింగు ఒకటి పైకొచ్చి, ఎక్కినవాళ్ళని ఎక్కినట్టే లేపుతుంది. ఇంటికొచ్చి అమ్మకి పాఠం చెప్పాను. నడుం పట్టేస్తుందని చెప్పు, దుమ్ము కొడుతుందని చెప్పు, వానొస్తే నెత్తిన కారుతుందని చెప్పు. అమ్మ బుద్ధిగా అప్పజెప్పింది.

వాళ్ళు వచ్చారు. వచ్చింది భోజనాల వేళకి, అక్కడే దెబ్బతిన్నాం.

"ఎవర్రా వచ్చింది?" అని అమ్మ వసారాలోంచి కేకేసింది.

"ఆఫీసర్లమ్మా. బండి చూడ్డానికొచ్చేరు."

"కంచాల వేళకొచ్చిన మనుషుల్ని బండి చూడమంటావేంట్రా? సిగ్గులేదూ?"

"వాళ్ళు బండిలోనే కూర్చోవాలంటమ్మా."

"అయితే బండిలోనే వడ్డించు."

మా వైపు ఇది వాదించే సంగతి కాదు. మంగతాయారు తాడు లాగింది, నేను తన్నాను, తలుపు వచ్చింది. పడక కుర్చీల ముందు బల్లలు వేసి అరిటాకులు పరిచాం. "విధి నిర్వహణలో ఆహారం స్వీకరించడం నిబంధనలకు విరుద్ధం" అన్నారు చిదంబరం గారు. "ఒక్క ముద్ద బాబూ, ఆకు చిన్నబోతుంది" అంది అమ్మ. పనసపొట్టు కూర, ముక్కల పులుసు, కందబచ్చలి, ఆవ పెట్టిన పులిహోర, చివర్లో బొక్క పెట్టి నెయ్యి పోసిన బూరె. నిబంధనలు పులిహోర దాకా నిలబడ్డాయి, బూరె దగ్గర పడిపోయాయి. అమ్మ పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతూ, ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టినా వినకుండా వడ్డిస్తూనే ఉంది.

రెండో బూరె నోట్లో ఉండగా చిదంబరం గారికి ఉద్యోగం గుర్తొచ్చింది. "అమ్మగారూ, ఈ వాహనంలో తమరికేమైనా అసౌకర్యం కలుగుతుందా?"

నేను వెనకనుంచి అమ్మ భుజం నొక్కాను. నేను నేర్పిన పాఠం గుర్తుందన్నట్టు ఆవిడ తలూపింది కూడా. కానీ తన చేతి తిండి తింటున్న మనిషితో మా ఇంట్లో ఫలానాది లోటు అని ఆవిడ పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ అనలేదు. "మాకేం తక్కువ బాబూ! రాజాల్లాగ తిరుగుతున్నాం. ఇంకాస్త నెయ్యేయించుకో" అంది.

చిదంబరం గారు చెయ్యి కడుక్కుని, కాళ్ళ పలక మీద కాళ్ళు పెట్టారు. అది పైకి లేచి ఇరుక్కుపోయి ఏళ్ళయింది, అందువల్ల బాగా కుదిరింది. స్ప్రింగున్న సీట్లో హైమవతి గారు కూర్చున్నారు. ఇద్దరూ నిద్రపోయారు. స్ప్రింగు కూడా ఆ పనసపొట్టు కూర ముందు ఏమీ చెయ్యలేకపోయింది. ఎండ చల్లబడ్డాక లేచి, నెత్తిన తెడ్ల మధ్యలోంచి ఆకాశం చూసి, "పరిశీలన ముగిసినది" అన్నారు చిదంబరం గారు.

హైమవతి గారు అక్కడికక్కడే నివేదిక రాసి చదివింది. "సదరు వాహనము నందు గాలి ఆడదు. శీతల పెట్టె వేడిగా ఉన్నది. తలుపు తన్నినగాని రాదు. అయినను అధికారులిద్దరికీ గాఢ నిద్ర పట్టినది. కావున పరికరములన్నిటినీ పనిచేయించి, అవి పనిచేయడము లేదని రూఢి చేసుకొనవలసి ఉన్నది."

"పనిచెయ్యవు కదండీ!" అన్నాను.

"పనిచేయించి చూడకుండా పనిచెయ్యవని ఎలా తెలుస్తుందయ్యా?" అన్నారు చిదంబరం గారు జాలిగా.

మర్నాటి నుంచి సంస్థ ఖర్చు మీద ఖాదర్ అనే మెకానిక్కు మా వీధిలో దిగాడు. ఏసీ పనిచెయ్యదని నిరూపించడానికి ముందు ఏసీ బాగుచేశాడు. ఫ్రిజ్ చల్లబడదని తేల్చడానికి దాన్ని చల్లబరిచాడు. మా ఇడ్లీ పిండి పొంగడం మానేసింది. టీవీ పూర్తిగా కిందికి దిగింది, కరివేపాకుకి చోటు లేకుండా పోయింది. గాజు కిటికీ మూసుకుంది, తెడ్లు ఇంట్లో మిగిలాయి. మీట నొక్కితే తలుపు చిన్న పాట పాడుతూ జారడం మొదలెట్టింది. మంగతాయారుకీ నాకూ కలిసి చేసే పని లేకుండా పోయింది, ఆ వారమంతా మేం పోట్లాడుకున్నాం.

చివరి రోజు ఖాదర్ బండి ముందు కూర్చుని ఉంటే అమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. "ఏం చేస్తున్నావు నాయనా?"

"ముందు లైట్లమ్మా. మసకబారిపోయినై. అద్దాలు మారుస్తున్న."

"ఎంతసేపు పడుద్ది?"

"ఎంతసేపమ్మా, అయిపోయింది."

అమ్మ వంగి కొత్త అద్దాన్ని వేళ్ళతో తడిమింది. తర్వాత, "దీన్ని కార్డు అడగలేదా?" అంది. ఖాదర్ తల దించుకుని పానాలు సర్దుకున్నాడు. నాకు ఆ అద్దాలు రెండూ రాయి పెట్టి పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది.

రెండో పరిశీలనకి ముహూర్తం పెట్టారు. ఈసారి నేను గట్టి నిర్ణయానికి వచ్చాను. బండి ఎలా ఉన్నా వాళ్ళకి సుఖం తగిలింది ఆకు మీద. ఆకు చెడితే సుఖం చెడుతుంది, సుఖం చెడితే కార్డు వస్తుంది. నా జన్మలో మొదటిసారి కావాలని వంట పాడుచేశాను. పులుసులో ఉప్పు గుప్పెడు ఎక్కువ వేశాను. పప్పు అడుగంటేదాకా నిలబడి చూశాను. కందబచ్చలిలో ఆవ వెయ్యలేదు. ఎవరికైనా తెలిస్తే మళ్ళీ నన్ను పెళ్ళికి పిలుస్తారా అని సిగ్గు వేసింది.

ఆకులు కోసుకుని పెరట్లోంచి వచ్చేసరికి అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. పులుసులో సొరకాయ ముక్కలు, బెల్లం పడి ఉప్పు దారికొచ్చింది. పప్పు పైపైన తేర్చి వేరే గిన్నెలోకి తీసి ఇంగువ పోపు పెట్టింది. రోట్లో ఆవ నూరుతోంది.

"వాసన చూసి భయపడ్డానురా పుల్లేసూ. ఒంట్లో బాగోలేదా?"

"కావాలనే చేశానమ్మా" అన్నాను. "తిండి బాగుంటే వాళ్ళు నిద్రపోతారు. నిద్రపోతే నీ కార్డు రాదు."

రోలు ఆగింది. "నా కళ్ళ కోసం పులుసు పాడుచేశావా?"

"అవునమ్మా."

"ఇంకెప్పుడూ అలా చెయ్యకు. చూపు పోయింది నాకు. తినేది వాళ్ళు. వాళ్ళేం చేశారు పాపం?"

"మొత్తం చేసింది వాళ్ళేనమ్మా!" అని అరిచాను. ఆవిడ మళ్ళీ నూరుకోవడం మొదలెట్టింది. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది, ఆ ఆవ వాసనకి ఆకలి కూడా వేసింది. ఇలాంటి మనిషి కడుపున పుట్టాక విలాసవంతుణ్ణి కాదని వాదించడం కష్టమే అనిపించింది.

చిదంబరం గారు ఈసారి సీటుకి ఒకరు చొప్పున సంస్థ సభ్యులందరినీ తీసుకొచ్చారు. తలుపు పాట పాడింది. ఏసీ హోరుమంది. తిన్నారు. కర్టెన్లు దించుకున్నారు. బండి మొత్తం గురకతో మెల్లగా ఊగింది. లేచాక అందరూ గేటు దగ్గర గుమిగూడి గుసగుసలాడుకున్నారు. చిదంబరం గారు గొంతు సవరించుకున్నారు.

"పుల్లేశ్వరరావు గారూ, సంస్థ ఈ మధ్యకాలంలో షోరూము నుంచి నేరుగా వచ్చిన వాహనాలెన్నో పరిశీలించినది. ఏ ఒక్క దానిలోనూ సభ్యులకు ఇంతటి నిద్ర పట్టలేదు. కావున సదరు వాహనమును ప్రామాణిక విలాస వాహనముగా ప్రకటిస్తున్నాము. ఇకమీదట ఎవరి బండిలో విలాసమెంతో దీనితో పోల్చి కొలుస్తాము. ప్రజాప్రయోజనం రీత్యా దీనిని సంస్థ స్వాధీనం చేసుకుంటున్నది."

బండి తీసుకెళ్ళిపోయారు. మంగతాయారు ఏడ్చింది. నేను లోలోపల సంతోషించాను, ఎందుకంటే బండి లేకపోతే విలాసం లేదు, విలాసం లేకపోతే కార్డు వస్తుంది. గుండిగలకి ట్రాలీ ఆటో మాట్లాడుకుని, అమ్మని మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి చీర కూడా తీసి ఉంచాం. ఆ పొద్దున్నే సంస్థ జీపు వచ్చి నన్ను ఎక్కించుకుపోయింది.

సినిమా హాలు వెనక రేకుల షెడ్డులో మా బండి నిలబెట్టి ఉంది. లోపల సభ్యులు కూర్చుని ఉన్నారు. ఒడిలో క్యాంటీను పొట్లాలున్నాయి. అందరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి.

"నిద్ర రావడం లేదు" అన్నారు చిదంబరం గారు. "అదే ఏసీ, అవే సీట్లు, అదే అధికారులు. విలాసం మాత్రం లేదు. అప్పగింతకు ముందు తమరు వాహనం నుంచి భాగాలు తొలగించారు. ఇది దొంగతనం కిందికి వస్తుంది."

"ఒక్క మేకు కూడా తియ్యలేదండి! మా అమ్మ మీదొట్టు."

"అమ్మ" అంది హైమవతి గారు వెంటనే. కాగితం తిప్పి చదివింది. "పరిశీలన నాడు వాహనము నందు ఉండి, అప్పగింత నాడు లేనివి. విసనకర్ర గాలి. నేతి గిన్నె. ఇంకో ముద్ద బాబూ అను ధ్వని. ఇవి వెలువడు మూలము సూరాయమ్మ. వీటి తయారీ యంత్రము పుల్లేశ్వరరావు."

అలా అమ్మా నేనూ ప్రామాణిక విలాస వాహనంలో విడదీయరాని భాగాలమయ్యాం. మంగతాయారుని తీసుకోలేదు, తలుపు మీటతో వస్తోంది కాబట్టి ఆ అవసరం లేదన్నారు. ఆవిడ నన్ను ఇంకా క్షమించలేదు. జీతమెంత ఇస్తారని అడిగితే భాగాలకు జీతం ఉండదనీ, మెయింటెనెన్స్ మాత్రమే ఉంటుందనీ చెప్పారు.

ఏమైతేనేం, మా పేరు మీద బండి లేదు కదా అని అమ్మని తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. అదే అమ్మాయి కంప్యూటరు చూసి ఈసారి నవ్వలేదు. "అండీ, మీ అమ్మగారు మనుషుల్లో లేరండి. వాహనాల విభాగంలోకి వెళ్ళిపోయేరండి" అంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఏమంటందిరా?" అంది. "రేపు రమ్మంటందమ్మా" అన్నాను.

రోజూ షెడ్డులో వంట. ఏ ఊరి నుంచి ఏ బండి వచ్చినా, సభ్యులు ముందు దానిలో కూర్చుని, తర్వాత మా దానిలో కూర్చుని తిని, నిద్ర తేడా కొలిచి తీర్పు చెబుతున్నారు. ఆ రోజు బూరెలు. బండి ఇంజను ఆన్ చేసి ఏసీ పెట్టారు. షెడ్డు రేకుల కింద ఆ హోరుకి మనిషి మాట మనిషికి వినబడటం లేదు. నేను అన్నం వారుస్తున్నాను. అమ్మ మూకుడు మీదికి వంగింది, ఇంకా వంగింది, చెవి పెట్టి వింటోంది. నూనె చప్పుడు అందలేదు. గరిటె అంచుకి తగిలి జారింది, దాన్ని పట్టుకోబోయి వేళ్ళు నూనెలో పెట్టింది.

ఆవిడ అరవలేదు. లోపల తినేవాళ్ళున్నారని అరవలేదు. నాకు మాత్రం ఒళ్ళు తెలియలేదు. అమ్మ చెయ్యి నీళ్ళ బకెట్లో ముంచి, మాడిపోయిన బూరెల పళ్ళెం పట్టుకెళ్ళి చిదంబరం గారి ఆకులో బోర్లించాను.

"మీ బండి భాగం పాడైందండీ! ముందు దీపాలు రెండూ మసకబారి ఉన్నాయి. ఎన్నాళ్ళిలా నడుపుతారండీ?"

మర్యాదగల మనిషైతే ఆ మాటకి సిగ్గుపడాలి, లేదా నన్ను బయటికి గెంటించాలి. చిదంబరం గారు ఆ రెండూ చెయ్యలేదు. నల్లటి బూరెని ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూశారు. "ముందు దీపాలు ఇంతకుముందే మార్పించితిమి కదా?" అన్నారు.

"అవి బండివండి. ఇవి అమ్మవి."

"భాగం భాగమే" అన్నారు నిష్పక్షపాతంగా. "హైమవతి గారూ, మెయింటెనెన్స్ కింద రాయండి. ప్రామాణిక విలాస వాహనము, ముందు దీపములు రెండు, లెన్సుల మార్పిడి. అత్యవసరం."

మనిషిగా ఉన్నంతకాలం కదలని కాగితం, భాగమయ్యేసరికి టీ చల్లారకముందే సంతకాలన్నీ పూర్తి చేసుకుంది. అమ్మని సంస్థ జీపులో పంపారు. కంటి డాక్టరు గారు ఆ ఉత్తర్వు రెండుసార్లు చదివి, తిరగేసి చూసి, "లెన్సుల మార్పిడే కదా, మాకు పేరు ఏదైతేనేం" అని ఒక కన్ను తర్వాత ఒకటి చేసేశారు. వారంటీ కాగితం కూడా అడిగి తీసుకున్నాడు జీపు డ్రైవరు.

రెండో కంటి కట్టు విప్పి, చేతి వేళ్ళు కూడా మానాక అమ్మ షెడ్డులోకి వచ్చింది. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. తిన్నగా నడిచి బండి ముందు నిలబడింది. కొట్టుకుపోయిన రంగు, సొట్టలు, తుప్పు పట్టిన చక్రాల అంచులు, వెలిసిపోయి తీగల్లా వేలాడే కర్టెన్లు, అన్నీ తీరిగ్గా చూసింది.

"ఒరేయ్ పుల్లేసూ! ఇదేంట్రా ఇంత డొక్కు? రాజాగారి బండన్నారు?"

"నువ్వేనమ్మా అన్నది."

ఆవిడ తలుపులోకి తొంగిచూసింది. చిదంబరం గారు ఆకు ముందు కూర్చుని ఉన్నారు. "బాబూ, నాకప్పుడు కళ్ళు లేక ఏదో వాగేను. దీన్లో విలాసం ఏవుందయ్యా? దీనికంటే మా ఇంట్లో పీట నయం. రాసుకోండి, మా బండి మాకిచ్చెయ్యండి."

ఇన్నాళ్ళూ నేను బతిమాలిన మాట ఇప్పుడు ఆవిడ నోట్లోంచి వచ్చింది. హైమవతి గారు కలం తీసింది కూడా. చిదంబరం గారు చెయ్యెత్తి ఆపారు. "చెల్లదు. వాహనంలోని భాగానికి వాహనం మీద అభిప్రాయం ఉండరాదు" అన్నారు.

అమ్మ వాదించలేదు. నెయ్యి గిన్నె తెచ్చుకుని ఆయన పక్కన కూర్చుంది. ఇన్నాళ్ళూ తన చేతి తిండి తిన్న మనిషిని మొదటిసారి చూస్తోంది కదా, కన్నార్పకుండా చూసింది. ఆయన బూరె కోసం ఆకు మీద తడుముకున్నారు. చెయ్యి ఉప్పు మీద పడింది. మళ్ళీ తడుముకున్నారు. అమ్మ బూరె తీసి ఆయన చేతిలో పెట్టింది.

"నీకూ ఆనడం లేదా నాయనా?" అంది.

హైమవతి గారు ఎటో చూసింది. ఆయన నమలడం ఆపారు. "కార్డు ఉందమ్మా" అన్నారు చిన్నగా. "అర్జీ పెట్టి చాలాకాలమైంది. పరిశీలనలో ఉందంటున్నారు."

అప్పటిదాకా ఆయన్ని తిట్టుకోని రోజు లేదు నాకు. ఇప్పుడు తిట్టకుండా ఆయన చేతికి నీళ్ళ చెంబు తెచ్చాను. అమ్మ ఆయన ఆకులో నెయ్యి పోసి వంటవైపు వెళ్ళిపోయింది. ఆయన చెయ్యి కడుక్కోవడానికి దిగి, నేను నీళ్ళు పోస్తుండగా అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరికి వంగారు.

"పుల్లేశ్వరరావు గారూ, బండికి వెనక దీపాలు కూడా ఉంటాయి కదండీ?"